మొరం రోడ్డు మీద స్లో మోషన్

మా ఓనరుగారి కొత్త వీసీఆర్‌కు నాలుగు హెడ్లు. బ్రహ్మదేవుడికి కూడా అన్నే కదండీ అనేవారు ఆయన, షాపుకు వచ్చిన ప్రతి మనిషితోనూ. టేపు మీది బొమ్మను చదివే ఈ హెడ్లు మామూలు మిషన్లకు రెండే ఉంటాయనీ, వాటిలో బొమ్మను ఆపితే అడ్డంగా తెల్లచారలు పడతాయనీ, మన దాంట్లో మనిషి రెప్ప వేసేది కూడా నిదానంగా, శుభ్రంగా చూడొచ్చనీ చెప్పేవారు. మనుషులు రెప్ప వేయడం ఎవరికి కావాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో మా షాపు. ఓనరుగారిది విజయవాడ వైపు. నాది నల్లగొండ జిల్లా. డిగ్రీ రెండో సంవత్సరంలో కెమిస్ట్రీ నన్ను వదిలించుకున్నాక నేను ఆయన దగ్గర చేరాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీసేవాణ్ణి. ఎనభైల చివరి రోజులవి. ఎల్బీనగర్ దాటితే ఎటు చూసినా కొత్త కాలనీలే. నిన్న జొన్నచేను ఉన్నచోట ఇవ్వాళ నంబర్లు రాసిన రాళ్లు పాతేవాళ్లు. గృహప్రవేశాలకు కొదవ లేదు. ఒక ముహూర్తానికి నాలుగిళ్లలో పాలు పొంగేవి, నేను మాత్రం ఒక్కణ్ణే.

కెమెరా భుజం మీద పెట్టుకుంటే చిన్న దూడను ఎత్తుకున్నట్టు ఉండేది. క్యాసెట్టు అందులోనే పట్టేది. ఒక కన్ను మూసి, రెండో కన్ను చిన్న గొట్టానికి ఆనించి చూస్తే, లోపల అగ్గిపెట్టెంత నలుపు తెలుపు లోకం కనిపించేది. ఓనరుగారు నాకు నేర్పిన విద్య ఒక్కటే. "పెళ్లికూతురు వెంట నువ్వు పరిగెత్తకూడదు. ఆవిడే నీ ముందుకొస్తుంది. నిలబడు, అంతే." రెండేళ్లు ఆ ఒక్క సూత్రంతో బతికాను.

అట్లాంటప్పుడు పటేల్ మా షాపుకు వచ్చాడు.

పటేల్ అంటే ఎల్బీనగర్ అవతల ఒక పాత ఊరి ఆసామి. ఊరి పొలాల్లో సగం వాళ్లవే. ఇప్పుడు వాటిని ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. పక్కవాడి వెంచర్‌లో గుడి కట్టారట. ఇంకొకడు ప్రతి ప్లాటుకూ రెండు కొబ్బరి మొక్కలు ఇస్తున్నాడట. పటేల్‌కు కొత్తది ఏదైనా కావాలి.

"మోటర్‌సైకిల్ రేస్ పెడుతున్న," అన్నాడు. "నా రోడ్లు ఎంత వెడల్పున్నయో అందరు చూడాలె. మీరు వీడియో తియ్యాలె. రేపు ప్లాట్లు కొననీకి ఒచ్చినోళ్లకు ఆఫీసుల టీవీ పెట్టి చూపిస్త."

"గెలిచినవాళ్లకేం ఇస్తారండీ?" అని అడిగారు ఓనరుగారు.

"రెండొందల గజాల ప్లాటు."

ఓనరుగారు లేచి నిలబడ్డారు. తానే పోటీకి దిగేంత ఉత్సాహం వచ్చినట్టుంది కానీ, ఆయనకు సైకిల్ కూడా రాదు. వెంటనే నా వైపు చెయ్యి చూపించి, "మావాడు స్పోర్ట్స్‌లో స్పెషలిస్టండీ," అన్నారు. నేను అప్పటిదాకా కదిలేవాటిలో తీసిందల్లా బారాత్ గుర్రం.

ముందు రోజు ప్రాక్టీసుకని లేఅవుట్‌కు వెళ్లాను. మొరం పరిచిన రోడ్లు ఎర్రగా ఉన్నాయి. అటొక బండి, ఇటొక బండి పోతున్నాయి. గొట్టంలోంచి చూస్తే, బండి ఇట్లా వచ్చి అట్లా మాయమైపోతోంది, నాకు మిగిలేది దుమ్ము. పెళ్లికూతురు సూత్రం ఇక్కడ పనిచేయదని తెలిసిపోయింది. అప్పుడు ఒకాయన బండి ఆపి, నన్ను కాసేపు చూశాడు. రెండు సైలెన్సర్ల పాత బండి, వెనక రెండు వైపులా పాలక్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు. మా నల్లగొండ వైపు నుంచి వలస వచ్చి, చంపాపేట్‌లో బర్రెలు పెట్టుకుని, ఇంటింటికీ పాలు పోసే మనిషి. పోటీకి పేరు ఇచ్చాడట.

"సారూ, నువ్వు బండిని చూస్తున్నవ్," అన్నాడు. "బండిని చూస్తే దొరకదు. అది పోయే జాగను చూడు. నడుం కాడికెల్లి తిరుగు, మెడ తిప్పకు. నేనొక రౌండు కొడత, జర చూస్కో."

నాకోసం నాలుగు రౌండ్లు కొట్టాడు. నాలుగోసారి ఆయన బొమ్మ మధ్యలోనే ఉండిపోయింది, వెనక రాళ్లూ, తుమ్మచెట్లూ గీతల్లా సాగిపోయాయి. నా జీవితంలో మొదటిసారి కెమెరా నా చేతిలో ఉందనిపించింది. "ఈ రోడ్లు నీకు బాగా ఎరుకనా?" అని అడిగాను. "రోజు పొద్దుగాల్ల గిట్లనే పోత. పాలు ఒలక్కుంట పోవాలె గద," అని నవ్వాడు.

ఆదివారం పొద్దున రేసు. ఎనిమిది బండ్లు, మూడు రౌండ్లు. బట్టతో కమాను కట్టారు, దాని కింద సున్నంతో గీత గీశారు. ఏదో విదేశీ క్యాసెట్టులో రేసు చివర నలుపు తెలుపు గళ్ల జెండా ఊపుతారని ఓనరుగారు చెప్పడంతో, పటేల్ ఒక గళ్ల లుంగీని కర్రకు కట్టించాడు. నీలిగళ్లు. ముఖ్య అతిథి కోసం, పెద్దమనుషుల కోసం కుర్చీలు. కుర్చీల పక్కనే జీపు, జీపు మీద నేను. అసలు గీతకు సరిగ్గా ఎదురుగా నిలబడాలి. కానీ ముఖ్య అతిథి కూడా వీడియోలో పడాలని ఓనరుగారు జీపును గీతకు పది అడుగుల ఇవతలే పెట్టించారు.

పోటీలో పటేల్ అల్లుడు కూడా ఉన్నాడు. ఇల్లరికం అల్లుడు. కొత్తగా వచ్చిన జపాన్ ఇంజిన్ బండి, నల్లకళ్లద్దాలు. అత్తగారింట్లో ఉంటున్నాడని ఊరంతా చెవులు కొరుక్కునేది. సొంత ప్లాటు ఒకటి సంపాదించి చూపించాలని అతని పట్టుదల అని తర్వాత తెలిసింది. మామ స్థలంలో, మామ పెట్టిన రేసులో, మామ ఇచ్చే ప్లాటును గెలిస్తే అది సొంత సంపాదన ఎట్లా అవుతుందో అతన్ని ఎవరూ అడగలేదు.

మొదటి రౌండులోనే ఇద్దరు మొరంలో జారి ఆగిపోయారు. రెండో రౌండు అయ్యేసరికి సున్నం గీత చక్రాల కింద పడి ఎగిరిపోయింది, కమాను బొంగులు మాత్రమే గుర్తు. మూడో రౌండులో పాలాయనా, అల్లుడూ పక్కపక్కన వచ్చారు. వెనక ఎర్రటి దుమ్ము గోడలా లేచింది. నేను నడుం నుంచి తిరిగాను. ఇద్దరూ ఒకేసారి కమాను దాటినట్టే ఉంది. పటేల్ లుంగీ ఊపాడు. ఆ తర్వాత సగం మంది "పాలాయన!" అని, సగం మంది "అల్లుడు!" అని.

"మా అల్లుడే ముందు," అన్నాడు పటేల్.

"గట్లెట్ల, మా కండ్లతోని చూసినం!" అని అటునుంచి అరిచారు.

పటేల్ పరువు గల మనిషి. అల్లుడికి ఊరికే ఇచ్చాడన్న మాట పడలేడు. ఏం చేయాలో తోచక నిలబడితే, ఓనరుగారు మైకు అందుకున్నారు. "దయచేసి ఎవరూ గొడవ పడొద్దు. మన దగ్గర నాలుగు హెడ్ల వీసీఆర్ ఉంది. స్లో మోషన్‌లో వేసి చూద్దాం. కెమెరా అబద్ధం చెప్పదండీ!"

చప్పట్లు మోగాయి. నేను మాత్రం జీపు మీద నిలబడి, నేనున్న చోటు నుంచి కమాను ఎంత ఏటవాలుగా కనిపిస్తోందో చూసుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత పటేల్ ఇంటి హాల్లో వీసీఆర్ పెట్టాం. కుర్చీల్లో పెద్దమనుషులు, గుమ్మం దగ్గర ఆడవాళ్లు, గోడకు ఆనుకుని పాలాయన. ఒక మూల మంచం మీద పటేల్ తల్లి. ఎనభై దాటిన మనిషి. అందరూ ఆమెను అవ్వ అనేవారు, మందులు వేసుకున్నావా అని తప్ప ఇంకేమీ అడిగేవారు కాదు. పటేల్ కూతురు, అంటే ఆ అల్లుడి భార్య, అవ్వ మంచం కోడు దగ్గర నిలబడింది.

మామూలు వేగంలో వేస్తే ఏమీ తెలియలేదు. ఓనరుగారు బొటనవేలితో మీట నొక్కారు. ఒక్కసారిగా లోకం నీళ్లలో మునిగినట్టు అయింది. దుమ్ము పొగలా తేలింది. ముఖ్య అతిథి ఆవలింత మొదలుపెట్టి చాలాసేపటికి ముగించాడు. హాలంతా నవ్వులు. పటేల్ లుంగీ ఎత్తాడు, మెల్లగా, ఎంతో గంభీరంగా. సరిగ్గా బండ్లు కమాను చేరే ముందు ఆయన కళ్లు రెండూ మూసుకున్నాయి. దుమ్ముకు మూసుకున్నట్టున్నాడు. బండ్లు దాటిపోయాక తెరుచుకున్నాయి. హాల్లో అందరూ చూశారు. పటేల్ గొంతు సవరించుకుని, "బండ్లను చూడుండ్రి," అన్నాడు.

బండ్లను చూశాం. ఒక బొమ్మలో ఇద్దరూ కమానుకు ఇవతల ఉన్నారు. ఓనరుగారు మీట నొక్కితే వచ్చిన తర్వాతి బొమ్మలో ఇద్దరూ అవతల ఉన్నారు. మధ్యలో బొమ్మ లేదు. వెనక్కి పోయి మళ్లీ చూశారు. మళ్లీ అంతే. సెకనుకు పాతిక బొమ్మలే కెమెరాకు అందేవి. ఆ వేగంలో బండి రెండు బొమ్మల మధ్య రెండడుగులు దాటిపోతుంది. రెండొందల గజాల ప్లాటు ఎవరిదో ఆ రెండడుగుల్లో ఉంది, అది మా దగ్గర లేదు.

"అల్లుడి టైరు ముందుందండీ, చూడండి," అన్నారు ఓనరుగారు. పటేల్ ఇంట్లో వచ్చే నెలలో ఇంకో పెళ్లి ఉంది.

గోడ దగ్గరి నుంచి పాలాయన, "సారూ, నువ్వు ఏడ నిలబడి తీసినవ్?" అని నన్ను అడిగాడు.

ఓనరుగారు నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు బాగా తెలుసు. అయినా నోటి నుంచి నిజమే వచ్చింది. "జీపు మీద. కమానుకు పది అడుగులు ముందు. ఏటవాలుగ తీసిన గాబట్టి నా దిక్కున్న అల్లుడి బండి ముందున్నట్టు కనవడ్తది."

ఓనరుగారు మళ్లీ మీట అందుకున్నారు. పరువు కాపాడుకోవాలి కదా. "అయితే ఒక పని చేద్దామండీ," అన్నారు. "కొంచెం వెనక్కి తిప్పి, ఎవరు ఏ ఊపులో వస్తున్నారో చూద్దాం." ఆయన క్యాసెట్టును వెనక్కి తిప్పారు. అంతకుముందు ఎవరూ ఆ ముక్కను నిదానంగా చూడలేదు.

కమానుకు చాలా ఇవతల, రోడ్డు అవతలి పక్క నుంచి ఒక ముసలామె మెల్లగా అడుగు వేసింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరినో వెతుకుతున్నట్టు రోడ్డు మధ్యకు వచ్చింది. రెండు బండ్లూ ఆమె మీదికి వస్తున్నాయి. పాలాయన తల లేచింది, ఒళ్లంతా పక్కకు వంగింది, ముందు చక్రం రోడ్డు అంచుకు పోయి మొరం కుప్పను రాసుకుంది. అల్లుడి బండి ఇంచు కూడా పక్కకు జరగలేదు. ఆమెను దాటుతుంటే ఆమె చీర కొంగు గాలికి లేచి, జెండాలా సాగి, మెల్లగా కిందికి దిగింది. ఆ తర్వాత అంతా దుమ్ము.

నేను తీశాను దాన్ని. ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో సూటిగా చూస్తూ తీశాను. నాకు కనపడలేదు.

పటేల్ మంచం వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు ఆడికి ఎప్పుడు పోయినవ్?"

"రేస్ చూద్దామని పోయిన," అంది అవ్వ. "అందరికి కుర్చీలేసిండ్రు, నాకెవ్వరెయ్యలే. ఆడికెల్లి కనవడకపాయె, జర ముందుకొచ్చిన."

"మల్లొకసారి పెట్టుండ్రి," అంది పటేల్ కూతురు. ఓనరుగారు పెట్టారు. ఆమె టీవీకి దగ్గరగా వచ్చి నిలబడింది. "ఇంకొకసారి." మూడోసారి చూశాక ఆమె తెరను వదిలేసి భర్తను చూసింది.

"నేను చూడలే," అన్నాడు అతను. "దుమ్ముల కనవడలే. ఒట్టు."

పటేల్ ఏదో అనబోయాడు. అవ్వ చెయ్యెత్తింది. "ప్లాటు గా పాలాయనకియ్యి. బండి తిప్పి కూడ సమానంగ ఒచ్చిండంటే గెలిచినట్టే గద."

"గట్ల కాదమ్మా, రూల్..."

"భూమి ఎవరి పేరు మీదున్నది?"

పటేల్ కూర్చున్నాడు. పట్టా పాసుపుస్తకంలో ఉన్నది అవ్వ పేరే. ఆ ఊళ్లో చాలామందికి ఆ సంగతి ఆ రోజే తెలిసింది, అవ్వకు మాత్రం ఎప్పటినుంచో తెలుసు.

చాయ్ వచ్చింది. పాలాయన భుజం తట్టడానికి పెద్దమనుషులు వరసకట్టారు. దేవుడిలా ప్రాణం కాపాడావన్నారు. ఆయన ఏదో చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు దండం పెట్టారు. చివరకు నేను వైర్లు చుట్టుకుని బయటకు వస్తుంటే, బండి దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"సారూ, నీకొక్కనికి చెప్త. అవ్వను నేను చూడనే లేదు."

"మరి బండి ఎందుకు తిప్పినవ్?"

"ఆడ గుంతుంటది. రోజు తిప్పుడే గద, పాలు ఒలుకుతయని. చెయ్యి దానంతటదే తిరిగింది." తల గోక్కున్నాడు. "లోపల చెప్దామనుకున్న. చెప్పనిస్తలేరు."

"ఇప్పుడు పోయి చెప్తవా?"

ఆయన పటేల్ ఇంటి వైపు చూశాడు, తన పాత బండి వైపు చూశాడు. "చెప్తే నమ్ముతరా?" అన్నాడు. నమ్మరని నేనూ అన్నాను. అది నిజం కూడా. కానీ నమ్మరు కాబట్టే ఆయన చెప్పలేదా, నమ్ముతారేమోనని చెప్పలేదా అన్నది ఆయనకూ తెలుసో లేదో.

ఇరవై రోజుల తర్వాత, ఒక మిట్టమధ్యాహ్నం, షాపులో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు అల్లుడు మెట్లెక్కి వచ్చాడు. నల్లకళ్లద్దాలు లేవు. "గా క్యాసెట్ ఒకసారి పెడ్తావా?" అన్నాడు. పెట్టాను. అవ్వ రోడ్డు మీదికి వచ్చే చోట ఆపమన్నాడు. ఆపాను. తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, తన ముఖాన్నే చూసుకున్నాడు.

"నేను ఎటు చూస్తున్న? అవ్వ దిక్కా, కమాను దిక్కా?"

ముఖం చోట నాలుగు చుక్కలే ఉన్నాయి. "తెలుస్తలేదు," అన్నాను.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "చూసిన," అన్నాడు. "ఇంట్ల చూడలేదన్న గని, చూసిన. సందున్నదనుకున్న. మూడడుగుల సందు. నా బండి పోతదని తెలుసు. పోయింది. అవ్వకు గోరంత దెబ్బ తాకలే. గని ఇప్పుడు నేను మా పాపను ఎత్తుకున్నా నా భార్య నా చేతులనే చూస్తది, పడేస్తనేమోనని."

పాలాయన మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన అవ్వను చూడనే లేదు, గుంత కోసం తిప్పాడు. నువ్వు ఆమెను చూసి, సందు కొలుచుకుని పోయావు. ఇద్దరిలో మంచి డ్రైవరు ఎవరో చెప్పడం అంత సులువు కాదు. ఈ ముక్క చెబితే అతనికి ఏమైనా తేలికయ్యేదా, లేక నేరుగా మామ దగ్గరికి పోయి ప్లాటు గొడవ మళ్లీ తీసేవాడా? రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయింది. నేను చాయ్ తెప్పిస్తానన్నాను. వద్దని లేచి వెళ్లిపోయాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వింటూ, చెప్పాల్సిందని ఒకసారి, చెప్పక మంచిపని చేశానని ఒకసారి అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే రెండు రకాలుగా అనుకుంటాను.

ఆ ప్లాటు లేఅవుట్‌కు పల్లంలో, చెరువు వైపు ఉండే ముక్క. మొదటి వానకే మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇల్లు కట్టుకునేవాడికైతే ఏడుపే. పాలాయన తన బర్రెలన్నింటినీ అక్కడికి తోలుకొచ్చాడు. అవి వానాకాలమంతా ఆ నీళ్లలోనే హాయిగా పడుకునేవి. రెండేళ్లకు చుట్టూ ఇళ్లు లేచాక, కాలనీ వాళ్లు వాసనొస్తోందని పటేల్‌కు ఫిర్యాదు చేశారు. మా అమ్మ ప్రాణం కాపాడిన మనిషి, నేనేమీ అనలేనన్నాడట పటేల్. ఫిర్యాదు చేసినవాళ్లు కూడా పాలు ఆయన దగ్గరే పోయించుకున్నారు.

మాకేమో స్లో మోషన్ పిచ్చి పట్టుకుంది. తలంబ్రాలు స్లో మోషన్, కొబ్బరికాయ కొట్టడం స్లో మోషన్, అత్తగారు కళ్లొత్తుకోవడం స్లో మోషన్. గంట పెళ్లి రెండు గంటల క్యాసెట్టు అయ్యేది. అసలు రేసు క్యాసెట్టు మీద రేసైన నెలకే ఒక బారసాల ఎక్కించేశాం. కానీ అంతకు ముందే అవ్వ తనకొక కాపీ కావాలని పట్టుబట్టి చేయించుకుంది.

పటేల్ ఆ క్యాసెట్టును ప్లాట్లు కొనేవాళ్లకు ఎన్నడూ చూపించలేదు. అవ్వ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించింది. పటేల్ ఆఫీసుకని కొన్న వీసీఆర్ రిమోట్ తన చేతిలోనే పెట్టుకుంది. కొంగు గాలికి లేచిన చోట ఆపి, "చూసినవా, ఎట్ల లేసిందో," అనేది. ఆ మూడు సెకన్లలో ఆమె ఎంత చక్కగా ఉందో ఆమెకే ముచ్చట. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో తనను అందరూ కలిసి, గుచ్చి గుచ్చి చూసింది ఆ ఒక్క రోజే మరి.

వీడియో టేపును ఒకేచోట పదే పదే ఆపితే, అక్కడ హెడ్లు రుద్దుకుని అరిగిపోతుంది. ఏడాదిన్నరకు నన్ను పిలిపించారు, బొమ్మ రావడం లేదని. వెళ్లి చూశాను. ముందూ వెనకా అంతా బాగానే ఉంది. ముఖ్య అతిథి ఆవలిస్తున్నాడు, పటేల్ లుంగీ ఊపుతున్నాడు. అవ్వ రోడ్డు మీదికి వచ్చే చోట మాత్రం చుక్కలు, బరబరమని చప్పుడు. హెడ్లు తుడిచాను, టేపు బిగించాను. లాభం లేకపోయింది.

"ఇది ఇంక రాదవ్వా," అన్నాను.

"రాకుంటేంది, నేను చెప్తగా," అంది. అప్పుడు ఎవరో చుట్టాలు వచ్చి కూర్చుని ఉన్నారు. అవ్వ వాళ్ల వైపు తిరిగి మొదలుపెట్టింది. ఆమె చెప్పిన దాంట్లో బండ్లు రెండు కాదు, నాలుగు. పాలాయన బండిని గాలిలోకి ఎగిరించాడు. "మా మనుమరాలి మొగుడేమో, రేసు పోతే పోయిందని బండి ఆడనే వదిలిపెట్టి ఉరికొచ్చి, నా చెయ్యి పట్కొని పక్కకు తీస్కొచ్చిండు."

అల్లుడు అదే హాల్లో, కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు కదలలేదు. అతని భార్య చుట్టాలకు మంచినీళ్ల గ్లాసులు ఇస్తూ ఒక క్షణం ఆగి, అవ్వ వైపు, ఆ తర్వాత పేపరు వైపు చూసి, ఇంకో గ్లాసు తీసుకెళ్లి అతని పక్కన స్టూలు మీద పెట్టింది. చుట్టాల్లో ఒకాయన, "అల్లుడంటే గట్లుండాలె," అన్నాడు. నేను నా స్క్రూడ్రైవరూ, దూదీ సంచిలో వేసుకుని, వీసీఆర్ మూత బిగించాను.